ఎనిగ్మా వేస్తే కాస్టింగ్ వేగం పడిపోతోంది, ఏది మార్చాలి?

అందరికీ నమస్కారం. డయాబ్లో 2 రిసరెక్టెడ్‌లో నాది 88వ లెవెల్ హ్యామర్ పాలడిన్ (మంత్రపు సుత్తులతో కొట్టే యోధుడు). చాలా నెలలు తిరిగాక బెర్ రూన్ (వస్తువుల్లో పొదిగే అరుదైన రాయి) ఉన్న నాకు జాహ్ కూడా దొరికింది. వాటితో ఎనిగ్మా (టెలిపోర్ట్ ఇచ్చే కవచం) చేసేద్దామని కూర్చుని లెక్క వేస్తే టెన్షన్ మొదలైంది.

ఇప్పుడు ఫాస్టర్ కాస్ట్ రేట్ (మంత్రం వేసే వేగం) ఇలా వస్తోంది: ఆయుధం హార్ట్ ఆఫ్ ది ఓక్ 40, స్పిరిట్ షీల్డ్ 33, కవచం వైపర్‌మాజి 30, గ్లోవ్స్ మేజ్‌ఫిస్ట్ 20, ఒక ఉంగరం 10. మొత్తం 133. పాలడిన్‌కి 125 చేరితే ఒక్కో కాస్ట్ 9 ఫ్రేముల్లో అయిపోతుంది కాబట్టి హాయిగా ఉంది. వైపర్‌మాజి తీసి ఎనిగ్మా వేస్తే 103కి పడిపోతాను, అంటే 75 మెట్టు మీదే ఆగి 10 ఫ్రేములు. అరాక్నిడ్ బెల్టు పెట్టినా 123. రెండంటే రెండే తక్కువ! ఆ రెండు దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది.

రెండో ఉంగరం స్టోన్ ఆఫ్ జోర్డాన్. దాన్ని తీసి 10 ఉన్న ఉంగరం పెడితే లెక్క కుదురుతుంది, కానీ అది అన్ని స్కిల్స్‌కీ ఇచ్చే +1 పోతుంది. స్పిరిట్ మళ్లీ చేసి 35 కోసం చూడొచ్చు. రూన్లు చవకే గానీ, నాలుగు సాకెట్లతో మంచి రెసిస్టెన్స్ (మంత్ర దాడుల్ని తట్టుకునే శాతం) ఉన్న పాలడిన్ షీల్డ్ ఇంకొకటి దొరకాలి కదా.

పైగా వైపర్‌మాజి ఇచ్చే 28 రెసిస్టెన్స్ కూడా పోతుంది. హెల్ అనే కష్టమైన స్థాయిలో లైట్నింగ్ రెసిస్టెన్స్ 75 నుంచి 47కి దిగుతుంది. వరల్డ్‌స్టోన్ కీప్‌లో సోల్స్ అనే మెరుపులు విసిరే రాక్షసుల చేతిలో చాలాసార్లు చచ్చాను, అందుకే భయం.

టెలిపోర్ట్‌తో ఆడేటప్పుడు ఆ ఒక్క ఫ్రేము తేడా నిజంగా తెలుస్తుందా? మీరైతే ముందు ఏది మారుస్తారు, ఉంగరమా, షీల్డా? లేక +2 పాలడిన్ స్కిల్స్‌తో కాస్ట్ రేట్ ఉన్న అమ్యులెట్ కోసం ఆగాలా? ఇప్పుడున్న మారా అమ్యులెట్ తీసేయడానికి మనసు ఒప్పడం లేదు, రెసిస్టెన్స్ అక్కడి నుంచి కూడా వస్తోంది.