రేంజ్‌ఫైండర్ కెమెరాకు లెన్స్ హుడ్ ఎప్పుడూ ఉండాలా?

వంశధార (శ్రీకాకుళం):
కళింగపట్నంలో సూర్యోదయాలు తీసేవాళ్లను అడుగుతున్నాను. మన తీరం తూర్పు ముఖంగా ఉంటుంది. పొద్దున్నే సముద్రం వైపు కెమెరా ఎత్తితే సూర్యుడు ఫ్రేములో గానీ, ఫ్రేముకు కాస్త పక్కన గానీ ఉంటాడు. నాది యాషికా ఎలక్ట్రో 35, రేంజ్‌ఫైండర్ ఫిల్ము కెమెరా, అంటే లెన్సులోంచి కాకుండా వేరే కిటికీలోంచి చూసి తీసేది. ఆ కిటికీలో, అంటే వ్యూఫైండర్‌లో, అంతా తేటగా కనిపిస్తుంది. ఫిల్ము కడిగించాక చూస్తే పడవల నీడలు నల్లగా ఉండవు, బూడిద రంగులోకి దిగిపోయి ఉంటాయి. పక్క ఎండ పడకుండా లెన్సు ముందు తగిలించే హుడ్‌ను అసలు తీయవద్దని ఒక మిత్రుడు అంటాడు. అది చూపుకు అడ్డం, చెయ్యి అడ్డుపెడితే చాలని ఇంకొకరు అంటారు. మీ మాట ఏమిటి?

నాగావళి:
ఎప్పుడూ ఉండాలి. ఎస్ఎల్ఆర్ కెమెరా వాడేవాళ్లకు ఇంత గట్టిగా చెప్పను. వాళ్లు లెన్సులోంచే చూస్తారు కాబట్టి వెలుగు పొర కమ్మితే అప్పుడే తెలిసిపోతుంది, ఒక అడుగు పక్కకు జరుగుతారు. మన కెమెరాలో చూసే కిటికీ వేరు, ఫొటో తీసే గాజు వేరు. లెన్సు మీద ఎండ పడుతున్న సంగతి ఆ కిటికీలో కనిపించదు. కనిపించనిదాన్ని ముందుగానే ఆపాలి.

చెయ్యి అడ్డుపెట్టే పద్ధతిలోనూ ఇదే చిక్కు. వేళ్లు ఫ్రేములోకి వచ్చాయో లేదో వ్యూఫైండర్ చెప్పదు. కెమెరా ట్రైపాడ్ మీద ఉంటే ముందుకు వెళ్లి, చేతి నీడ ముందు గాజును పూర్తిగా కప్పిందో లేదో చూసుకోవచ్చు. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు ఒక చెయ్యి ఫోకస్ రింగు మీద, ఇంకొకటి షట్టర్ మీద ఉంటాయి. నీడ పట్టడానికి మూడో చెయ్యి ఎక్కడ తెస్తాం?

అయితే హుడ్ ఆ లెన్సు చూపు వెడల్పుకు తగినదై ఉండాలి. 35 మి.మీ. లెన్సుకు 50 మి.మీ. కోసం చేసిన లోతైన గొట్టం తగిలిస్తే మూలలు నల్లబడతాయి. ఆ నలుపూ ముందుగా తెలియదు. మీ కెమెరా లెన్సు 45 మి.మీ., ఫిల్టర్ సైజు 55 మి.మీ. ఆ కొలతలు చెప్పి కొనండి. ఇక సూర్యుడే ఫ్రేములో ఉంటే హుడ్ వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. అది పనిచేసేది పక్క నుంచి వచ్చే ఎండ మీదే.

చంపావతి (విజయనగరం):
నాగావళి గారూ, మీతో సగం వరకే వస్తాను. సిరిమానోత్సవం రోజు మా ఊళ్లో నిలబడి చూడండి. సిరిమాను అనే పొడవాటి మాను పైడితల్లి అమ్మవారి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. మాను కొసన కూర్చున్న పూజారినీ, కింద జనాన్నీ ఒకే ఫ్రేములో పట్టాలి. ఆ జనం ఉండే దిగువ భాగంలోనే, వ్యూఫైండర్ కుడి మూలను హుడ్ మూసేస్తుంది. దగ్గరి ఫోకస్ పెడితే, ఫొటోలో ఎంత మేర పడుతుందో వ్యూఫైండర్‌లో చూపే ఫ్రేము గీతలు లెన్సు వైపు జరిగి ఆ అడ్డు ఇంకా పెరుగుతుంది. చీలికలున్న హుడ్ అయితే సందుల్లోంచి కొంత కనిపిస్తుంది, కానీ కొంతే. ఆ మూలలో ఎవరి ముఖం ఉందో తెలియకుండా ఫొటో తీయడం నాకు సమ్మతం కాదు.

అసలు దోషి వేరే ఉంది. మన రెండు జిల్లాలకూ సముద్రపు తేమ తప్పదు. పాత లెన్సుల లోపలి గాజు మీద పల్చని మసకో, సాలెగూడు లాంటి బూజు తీగలో పడతాయి. వంశధార గారూ, ఫిల్ము లేనప్పుడు వెనక తలుపు తీసి, షట్టర్‌ను బి మీద (నొక్కినంతసేపు తెరిచి ఉండే అమరిక) తెరిచి పట్టి, చీకటి గదిలో టార్చి వేసి చూడండి. మసక ఉంటే ఎన్ని హుడ్‌లు మార్చినా నలుపు నలుపుగా రాదు. ముందు చవక ఫిల్టర్ ఉంటే అదీ తీసేయండి. కోటింగ్ (ప్రతిఫలనం తగ్గించే పల్చని పూత) లేని గాజు ఒక్కో తలం దాదాపు 4 శాతం వెలుగును వెనక్కి కొడుతుంది, ఫిల్టర్‌కు రెండు తలాలు. జర్మన్ లెన్సుల సంస్థ జైస్‌లో స్మకులా అనే శాస్త్రవేత్త 1935లో కోటింగ్‌కు పేటెంట్ తీసుకున్నది ఈ ప్రతిఫలనాలను తగ్గించడానికే. అలా కోటింగ్ వేసిన లెన్సు ముందు కోటింగ్ లేని గాజు బిగించడం అన్యాయం.

మహేంద్రతనయ:
డిజిటల్ అయితే తెర మీద కనిపిస్తుంది, హుడ్ అక్కర్లేదని కొందరు అంటుంటారు. ఏ కెమెరా గురించి అంటున్నారో కూడా చెప్పాలి. 2009లో వచ్చిన లైకా ఎం9 అనే డిజిటల్ రేంజ్‌ఫైండర్‌లో లైవ్ వ్యూ (లెన్సు చూసేది తెర మీద అప్పటికప్పుడు కనిపించడం) లేదు, దాని తర్వాతి ఎం టైప్ 240తోనే అది వచ్చింది. తెర ఉన్నా బారువ తీరం ఇసుక మీద, ఆ ఎండలో, నీడలు తేలిపోయాయో లేదో పోల్చుకోవడం కష్టం.

ఇంకో సంగతి. సెన్సర్ ముందు మెరిసే గాజు ఉంటుంది. బలమైన వెలుగు దాని మీద పడి, లెన్సు వెనక గాజుకు తగిలి తిరిగి వచ్చి చుక్కలుగా పడవచ్చు. ఫిల్ములోనైతే వెలుగు ఎమల్షన్‌ను (బొమ్మ పడే పూతను) దాటి, దాని వెనకున్న బేస్‌కు (పూతను మోసే పారదర్శక పొరకు) తగిలి తిరిగి వచ్చి దీపాల చుట్టూ వలయం కడుతుంది. ఈ రెండు సందర్భాల్లోనూ వెలుగు ఫ్రేము లోపలి నుంచే వచ్చింది కాబట్టి హుడ్‌ను నిందించవద్దు, నమ్ముకోనూ వద్దు.

నాగావళి:
చంపావతి గారూ, టార్చి పరీక్ష తప్పక చేయాల్సిందే. కానీ మసక పట్టిన లెన్సుకే హుడ్ ఇంకా ఎక్కువ అవసరం. పక్క ఎండ ఆ మసక మీద పడితే ఫొటో అంతా తెల్లబారుతుంది కదా. మీరు చెప్పిన తొక్కిసలాటలో మోచేతులు, వేళ్లు ముందు గాజుకు తగలకుండా ఆపేదీ హుడ్డే. వేలిముద్ర పడిన గాజు కూడా వెలుగును చెదరగొడుతుంది.

చంపావతి:
తీరంలో తీరిగ్గా తీసుకునే ఫొటోకు మీ మాట ఒప్పుకుంటాను. జనం మధ్య నాకు ఆ మూల కావాలి. మబ్బు పట్టిన రోజు, నీడలో ఉన్న వీధిలో హుడ్ తీసి సంచిలో పెట్టుకుంటే నష్టం ఏమిటో మీరు ఇంకా చెప్పలేదు.

వంశధార:
టార్చి వేసి చూశాను. ముందు గాజు శుభ్రంగానే ఉంది, లోపల ఒక అంచున బూజు తీగలు కనిపిస్తున్నాయి. హుడ్ ఎలాగూ కొంటాను. ఎలక్ట్రో 35 లెన్సు విప్పి శుభ్రం చేసేవాళ్లు శ్రీకాకుళంలో గానీ విశాఖలో గానీ ఎవరికైనా తెలుసా?