బ్యాండింగ్ అయ్యాక ప్రొప్రనొలాల్ ఆపవచ్చా?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు):
లివర్ సిర్రోసిస్ ఉన్న మా నాన్నగారు గత నెల అనంతపురంలో ఉన్నట్టుండి నెత్తురు వాంతి చేసుకున్నారు. బెంగళూరులో చేర్పిస్తే, ఎండోస్కోపీ చేసి అన్నవాహికలో ఉబ్బిన సిరలకు బ్యాండ్లు వేశారు. ప్రొప్రనొలాల్ రాసిచ్చి, మూడు వారాలకు మళ్లీ రమ్మన్నారు. రక్తం ఆగిపోయింది కదా, పైగా ఆ మాత్రతో నీరసంగా ఉంటోందని ఆయన రెండూ వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు (గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యుడు, చెన్నై):
రెండూ కావాలండీ. బ్యాండు ఉబ్బిన సిరను బిగించి మూసేస్తుందే తప్ప, గట్టిపడిన కాలేయం గుండా రక్తం సాఫీగా పోలేక పోర్టల్ సిరలో (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే సిరలో) పెరిగిన ఒత్తిడిని తగ్గించదు. ఆ ఒత్తిడి ఉన్నంతకాలం పక్కన మరో సిర ఉబ్బుతుంది. దాన్ని తగ్గించేవి ప్రొప్రనొలాల్, కార్వెడిలాల్ వంటి మాత్రలు. ఒకసారి ఇలా రక్తస్రావమై, నివారణ చికిత్స తీసుకోనివారిలో సుమారు 60 శాతం మందికి ఒకటి రెండేళ్లలో మళ్లీ అవుతుంది. సిరలు పూర్తిగా మూసుకుపోయేదాకా రెండు నుంచి నాలుగు వారాలకోసారి బ్యాండింగ్ చేస్తారు. ఆ తరువాత కూడా మూడు నుంచి ఆరు నెలల్లో ఒకసారి, పిమ్మట ఆరు నెలలకో ఏడాదికో ఎండోస్కోపీ చేసి చూస్తారు.

నీరసానికి మోతాదు కారణమేమో చూడాలి. నాడి నిమిషానికి 55–60కి వచ్చేలా ప్రొప్రనొలాల్‌ను మెల్లగా పెంచుతాము. పై బీపీ 90 కంటే తగ్గినా, పొట్టలో నీరున్నవారికి సోడియం పడిపోయినా, మూత్రపిండాలు దెబ్బతిన్నా తగ్గిస్తాము లేదా ఆపుతాము. ఆ నిర్ణయం మీ డాక్టరుగారికే వదలండి, ఇంట్లో హఠాత్తుగా మానేయకండి. ఆస్తమా ఉంటే తప్పక చెప్పండి.

జవాబు (వైట్‌ఫీల్డ్, బెంగళూరు):
మా అత్తగారికీ ఇదే చికిత్స జరుగుతోంది. పొద్దున మాత్రకు ముందు బీపీ మిషన్‌లో వచ్చిన అంకెలు, నాడితో సహా, తెలుగు కేలండరులో ఆ తేదీ గడిలోనే రాసి, ఫోటో తీసి డాక్టరుగారికి పంపుతాము. మోతాదు సరిచేశాక ఆవిడ నీరసం చాలావరకు తగ్గింది. ఊళ్లో మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ సూది వేయించుకునే అలవాటుంటే మాన్పించండి. అది ఈ జబ్బులో కడుపుకూ మూత్రపిండాలకూ చేటు. మద్యం అలవాటుంటే అదీ మాన్పించాలని చెప్పనక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఇవన్నీ చేసినా మళ్లీ రక్తం పడితే?

జవాబు (గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యుడు, చెన్నై):
అప్పుడు టిప్స్ (TIPS) అనే చికిత్స గురించి ఆలోచిస్తారు. మెడలోని సిర గుండా వెళ్లి, కాలేయంలో పోర్టల్ సిరకూ, కాలేయం నుంచి రక్తాన్ని బయటికి తీసుకెళ్లే హెపాటిక్ సిరకూ మధ్య స్టెంటు (చిన్న గొట్టం) అమర్చే పద్ధతి అది. ఒత్తిడి బాగా తగ్గుతుంది గాని, కొందరికి మగత, మతిభ్రమ రావచ్చు. కాలేయం బాగా క్షీణించినవారికి మార్పిడి గురించి ముందుగానే మాట్లాడాలి. కర్ణాటకలో మరణించిన దాతల నుంచి అవయవాల కేటాయింపును ‘జీవసార్థకతే’ అనే రాష్ట్ర సంస్థ చూస్తుంది, పేరు నమోదు ఆసుపత్రి ద్వారానే జరుగుతుంది.

ఇంకొకటి. బ్యాండు రాలినచోట పుండు పడుతుంది, మొదటి రెండు వారాల్లో దాని నుంచి కూడా రక్తం రావచ్చు కనుక ఆ రోజుల్లో ఆయనను ఊరికి పంపకపోవడమే నయం. ఎప్పుడైనా నెత్తురు వాంతి అయినా, తారులా నల్లగా విరేచనమైనా బెంగళూరు దాకా ఆగకుండా, ముందు అనంతపురంలోనే పెద్దాసుపత్రిలో చేర్చండి.