స్పోర్టీ ఎస్‌యూవీ నిజంగా కారులా తిరుగుతుందా? వాడినవాళ్లు చెప్పండి

స్టీరింగ్‌పిచ్చి: ఇప్పుడున్నది సెడాన్. ఇంట్లో ఎస్‌యూవీ కావాలని ఒకటే గోల. పోర్షే మకాన్, ఆల్ఫా రోమియో స్టెల్వియో లాంటివి నడిపినవాళ్లున్నారా? మలుపుల్లో తేడా తెలుస్తుందా? పార్కింగ్, డిక్కీ, పిల్లల సీట్ల సంగతి కూడా చెప్పండి.

నల్లమకాన్: నిక్షేపంగా తీసుకోండి. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. సెడాన్‌లోంచి లేవాలంటే చెయ్యి పట్టుకుని లాగాల్సొచ్చేది, ఇందులో సీటు నడుం ఎత్తులో ఉంటుంది, పక్కకి జరిగి దిగిపోతుంది. హ్యాండ్లింగ్ అంటారా, నాకే లోటూ కనపళ్లేదు.

వ్యాగన్‌వీరుడు: లోటు కనపడాలంటే ముందు మంచి కారు నడిపుండాలి కదండీ.

నల్లమకాన్: వచ్చాడండీ. ఎస్‌యూవీ అన్న మాట వినపడితే చాలు, ఈయనకి పూనకం.

ల్యాప్‌టైమ్: వీరుడుగారూ, పోర్షే వాళ్ల ఎస్‌యూవీ కయాన్ టర్బో జీటీ 2021లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్ చుట్టు 7 నిమిషాల 38.9 సెకన్లలో కొట్టింది. హోండా వాళ్ల స్పోర్ట్స్ హ్యాచ్‌బ్యాక్ సివిక్ టైప్ ఆర్ 2023లో అదే 20.832 కిలోమీటర్లకి 7:44.881. ఇంకేం మాట్లాడతారు?

వ్యాగన్‌వీరుడు: మాట్లాడతా. ఆ కయాన్‌కి 640 హార్స్‌పవర్, సివిక్‌కి 330 కూడా లేదు. దాదాపు రెట్టింపు పవరు, నాలుగు చక్రాలకీ డ్రైవు, ఎయిర్ సస్పెన్షను, ఇన్ని పెట్టుకుని గెలిచింది ఆరు సెకన్లు. మీరు నా వాదనే చెప్తున్నారు.

ల్యాప్‌టైమ్: గెలుపు గెలుపే.

వ్యాగన్‌వీరుడు: నేరుగా ఉన్న రోడ్డు మీద గెలిచింది బాబూ, మలుపులో కాదు.

ల్యాప్‌టైమ్: పక్క సీట్లో కూర్చుని చూశారా? బాబూ గీబూ అనకండి.

డంపర్‌డాక్టర్: సస్పెన్షన్ పనే నా బతుకుతెరువు, కాబట్టి కాస్త వినండి. బరువు ఎత్తులో ఉంటే మలుపులో బండి ఒరుగుతుంది. ఒరగకుండా స్ప్రింగులు, ఆంటీ రోల్ బార్లు (ఎడమ కుడి చక్రాల్ని కలిపే కడ్డీలు) గట్టివి వేస్తారు. బారు గట్టిదైతే ఒక పక్క చక్రం గుంతలో పడ్డా కుదుపు రెండో పక్కకీ పాకి, లోపలున్నవాళ్ల తలలు అటూ ఇటూ ఊగుతాయి. పిల్లలకి వాంతులయ్యేది ఇక్కడే. 2016లో ఆడీ ఎస్‌క్యూ7లో 48 వోల్టుల మోటార్లతో బారు బిగువు మార్చే ఏర్పాటు వచ్చింది: మలుపులో బిగుస్తుంది, నేరుగా పోయేటప్పుడు వదులవుతుంది. అద్భుతమైన పని. అయినా బరువు బరువే. ఒరుగుడు దాచొచ్చు గానీ బ్రేకులకీ టైర్లకీ అబద్ధం చెప్పలేం. టెస్ట్ డ్రైవ్‌లో నున్నటి రోడ్డు మీద తిప్పి మురిసిపోకండి. స్పీడ్ బ్రేకర్‌ని ఒక పక్క చక్రాలతోనే ఎక్కించి చూడండి, అసలు రంగు బయటపడుతుంది.

నల్లమకాన్: డాక్టరుగారూ, మాది మామూలు మోడల్. కంఫర్ట్ మోడ్‌లో పెడితే తలలేం ఊగట్లేదు.

డంపర్‌డాక్టర్: కంఫర్ట్ మోడ్‌లో పెట్టాక స్పోర్టీ ఎక్కడుందండీ?

టైరుబాధితుడు: అందరూ రేసులు పెట్టుకుంటున్నారు, నా గోడు వినండి. 21 అంగుళాల చక్రాలు, పక్కగోడ ఎత్తు నాలుగు వేళ్లు. చిన్న గుంతకే ఉబ్బొచ్చింది. ఒక్కటి మార్చమంటే షాపువాడు నాలుగూ మార్చాలన్నాడు, ఆల్ వీల్ డ్రైవ్‌కి అరుగుదల సమానంగా ఉండాలట. నన్ను దోచుకున్నాడు.

డంపర్‌డాక్టర్: అందులో మోసం లేదు. కొత్త టైరుకీ అరిగినదానికీ చుట్టుకొలత తేడా ఉంటుంది. అది ఎక్కువైతే ముందు వెనక చక్రాలకి పవరు పంచే సెంటర్ డిఫరెన్షియల్, క్లచ్ ప్యాక్ వేడెక్కుతాయి. కొన్నిచోట్ల కొత్త టైరుని పాతవాటి లోతుకి చెక్కి ఇస్తారు, అడగాల్సింది.

టైరుబాధితుడు: టైరు చెక్కడమా! ఆ ముక్క వాడు చెప్పనే లేదు.

కుక్కలమ్మ: డిక్కీ ఎత్తు గురించి ఒక్కరూ మాట్లాడరేం? మా ముసలి కుక్క వ్యాగన్‌లోకి (సెడాన్ ఎత్తే, డిక్కీ మాత్రం పైకప్పు దాకా ఉంటుంది) తనే ఎక్కేది. ఎస్‌యూవీకి నేనే ఎత్తాలి, అది బస్తా అంత బరువు. బయటికి అంత పెద్ద బండా, లోపల చూస్తే వ్యాగన్ కంటే పొడుగేం లేదు. వాలుగా కోసిన కూపే వెనక భాగమైతే మరీ అన్యాయం.

వ్యాగన్‌వీరుడు: అమ్మా, మీకు దండం. ఇందాకట్నుంచీ నేను మొత్తుకునేది ఇదే.

నల్లమకాన్: ఎయిర్ సస్పెన్షన్ ఉన్నవాటిలో డిక్కీ పక్కన బటన్ నొక్కితే వెనక దిగుతుంది.

కుక్కలమ్మ: దిగుతుంది నాయనా, అయినా అది ఎక్కదు. మడతపెట్టే ర్యాంపు వాడేవాళ్లున్నారా? తడిస్తే జారుతుందా?

టైరుబాధితుడు: ముందు ఆ చెక్కేవాళ్లు ఎక్కడుంటారో చెప్పండి డాక్టరుగారూ, మిగతా మూడు టైర్లూ గ్యారేజీలోనే పడున్నాయి.