ఒక్క తీగతో బల్బు వెలుగుతుందా? ఐదో తరగతి విద్యుత్ పాఠం, మీ అనుభవాలు చెప్పండి

దేవరకొండ టీచరు
ఐదో తరగతి పిల్లలకు విద్యుత్ వలయం మొదలుపెట్టాను. తొలిరోజు పాఠం ఏమీ చెప్పలేదు. జట్టుకొక టార్చి సెల్లు, చిన్న బల్బు, జానెడు తీగ ఇచ్చి వెలిగించమన్నాను. దాదాపు అందరూ తీగ ఒక కొసను సెల్లు బొడిపెకు, రెండో కొసను బల్బు అడుగుకు ఆనించి నా మొహం చూశారు. చాలాసేపటికి వెనక వరుసలోని అమ్మాయి బల్బును నేరుగా సెల్లు బొడిపె మీద నిలబెట్టి, సెల్లు అడుగు నుంచి తీగను తెచ్చి బల్బు పక్కనున్న లోహానికి తాకించింది. వెలిగింది! కరెంటు బయలుదేరిన చోటికి తిరిగి రావాలని అప్పుడు చెప్పాను.

మరునాడు ఒక పిల్లవాడు లేచి, "మా బావి దగ్గర ఒక్క తీగకే బల్బు వెలుగుతుంది మేడమ్" అన్నాడు. తరగతి అంతా వాడి పక్షమే. నాకు వెంటనే జవాబు తోచలేదు. వాడికి ఏమి చెప్పాలి?

విశ్రాంత లైన్‌మన్
పిల్లవాడు చెప్పింది నిజమే మేడమ్. పొలాల దగ్గర ఒక ఫేజు తీగ (కరెంటు తెచ్చే తీగ) తెచ్చి బల్బుకు ఇస్తారు. బల్బు రెండో కొసను నేలలో పాతిన ఇనుప కడ్డీకి చుడతారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను (కరెంటు తిరిగి చేరే తీగను) కూడా భూమికి కలిపి ఉంచుతారు కదా, అందుకని కరెంటు బల్బులోంచి కడ్డీకి, కడ్డీ నుంచి మట్టిలోకి దిగి ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరుకుంటుంది. అక్కడ రెండో తీగ నేలే. ఎండాకాలంలో బల్బు మసకబారితే కడ్డీ మొదట్లో బిందెడు నీళ్లు పోస్తారు, వెలుగు పెరుగుతుంది. ఎండిన మట్టిలో కరెంటు సరిగా నడవదు. ఆ నీళ్లు పోసే పని ఎవరిదో వాడినే అడిగి చూడండి.

అసలు చెప్పవలసింది వేరే ఉంది. కడ్డీకి చుట్టిన తీగ ఊడిపోతే బల్బు ఆరిపోతుంది. ఆరిపోయింది కదా, కరెంటు లేదనుకుని ఊడిన కొసను పట్టుకుంటారు. ఆ కొసలో బల్బు గుండా వచ్చిన ఫేజు ఉంటుంది. తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడిన మనిషే అప్పుడు వలయాన్ని పూర్తి చేస్తాడు. నా ఉద్యోగ కాలంలో ఇలాంటివి చూశాను, వివరాలు ఇక్కడ వద్దు. ఈ పద్ధతి నిషిద్ధమనీ, ప్రాణాంతకమనీ పిల్లలకు గట్టిగా చెప్పండి.

పాలమూరు తండ్రి
మా అబ్బాయి బడిలో బ్యాటరీతో బల్బు వెలిగించి వచ్చి, అదే బల్బుకు రెండు తీగలు కట్టి గోడ ప్లగ్గులో పెట్టబోయాడు. వాళ్ల నానమ్మ చూసింది కాబట్టి సరిపోయింది. సెల్లుకు, గోడకు తేడా ఉందని ముందే చెప్పకూడదా?

గద్వాల సార్
తప్పకుండా చెప్పాలి. సెల్లులో 1.5 వోల్టులు, గోడలో 230. నేను బోర్డు మీద భాగాహారం చేయిస్తాను. 150 సెల్లులు వరుసగా పేర్చినా 225 వోల్టులే వస్తాయని తేలగానే పిల్లలు కిక్కురుమనరు.

మా వాళ్ల సందేహం ఇంకోటి. జూరాల జలవిద్యుత్ కేంద్రంలో 39 మెగావాట్ల యూనిట్లు 6 ఉన్నాయి, మొత్తం 234 మెగావాట్లు. "నీళ్లలోంచి కరెంటు తీసేశాక ఆ నీళ్లకు సత్తువ ఉంటుందా, పంట పండుతుందా?" అని అడిగారు. ఇంట్లో పెద్దలు అనే మాటే అది. నీళ్లు పై నుంచి పడుతూ చక్రాన్ని తిప్పుతాయి, అంతే. ఎన్ని నీళ్లు లోపలికి వెళ్తే అన్నీ బయటికి వస్తాయి. బల్బు కరెంటును మింగేస్తుందని పిల్లలు అనుకోవడానికి కూడా ఈ జవాబే పనికొచ్చింది. ఎంత కరెంటు లోపలికి వెళ్తుందో అంతే బయటికి వస్తుంది, బల్బు తీసుకునేది శక్తిని.

మిర్యాలగూడ వైండింగ్ షాపు
మోటారు కాలిపోతే తీసేసే రాగి తీగ మా దగ్గర గుట్టగా ఉంటుంది. ఒక సార్ పట్టుకెళ్లి, ఒక్క బల్బూ వెలగలేదని మర్నాడు తిరిగొచ్చారు. వైండింగ్ తీగకు పైన ఎనామిల్ పూత ఉంటుంది, చూడటానికి ఉట్టి రాగిలాగే కనిపిస్తుంది. కొసలను గరుకు కాగితంతో రుద్దితే కానీ కరెంటు వెళ్లదు. ఆయన దాన్నే వాహకాలు, బంధకాల పాఠం చేసేశారట.

నకిరేకల్ నిమ్మతోట
సెల్లులు కొనే పని లేకుండా నిమ్మకాయలు వాడండి! జింకు పూత ఉన్న మేకు ఒకవైపు, రాగి తీగ ఒకవైపు, రెండూ లోపల తగలకుండా గుచ్చితే కాయకు దాదాపు 0.9 వోల్టు వస్తుంది. నాలుగు కాయలు వరుసగా కలిపితే ఎర్ర ఎల్‌ఈడీ మసకగా వెలుగుతుంది. టార్చి బల్బు వెలగదు, దానికి కావలసినంత కరెంటు కాయ ఇవ్వలేదు. అసలు శక్తి కాయది కాదు, కరిగిపోయే జింకుది. అందుకే ఆ కాయలను తర్వాత షర్బత్‌కు వాడకండి. (మా బడిలో ఒకడు పిండుకోబోయాడు.)

దేవరకొండ టీచరు
లైన్‌మన్ గారూ, నీళ్లు పోసేది ఆ పిల్లవాడే!

మీ మాటతో తరగతిలో బావి గట్టు కట్టాం. ప్లాస్టిక్ తొట్టిలో ఎండు మట్టి, అందులో రెండు మేకులు ఎడంగా గుచ్చి, 9 వోల్టుల బ్యాటరీ, ఎర్ర ఎల్‌ఈడీ, మట్టి మూడింటినీ ఒకే వలయంగా కలిపాం. ఎల్‌ఈడీ పొడవు కాలు ప్లస్ వైపు ఉండాలి. ఎవరైనా చేస్తే మేకులు ఒకదానికొకటి తగలనివ్వకండి, తగిలితే మట్టి అడ్డు లేక ఎల్‌ఈడీ మాడిపోతుంది. మావి అలా రెండు పోయాయి. ఎండు మట్టిలో ఏమీ లేదు. ఆ పిల్లవాడి చేతనే ఉప్పు నీళ్లు పోయించాను. ఎల్‌ఈడీ వెలగగానే బల్లలెక్కారు.

అప్పుడు ఒక మేకు తీగ ఊడదీసి, "ఆరిపోయింది, ఇప్పుడు ఇది పట్టుకోవచ్చా?" అని అడిగాను. సగం మంది పట్టుకోవచ్చన్నారు. ఆ సగం మంది కోసం రేపు ఇంకో పీరియడ్ తీసుకుంటున్నాను.