అప్‌డేట్: డెన్మార్క్ జాతీయగీతం ప్రాసల లెక్క తేలింది

డెన్మార్క్ కవి ఓలెన్‌ష్లేగర్ 1819లో రాసిన 'డెర్ ఎర్ ఎట్ యుండిట్ లాన్' మొదటి చరణంలో అంత్యప్రాసలు ఎందుకు కుదరట్లేదని అడిగాను కదా, తేలింది. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. "పాట పక్కనపెట్టి అచ్చు పాఠం చూడండి" అన్న సలహా పనిచేసింది. పాడేటప్పుడు మూడో, ఆరో పాదాలు రెండేసిసార్లు వస్తాయి, అది బాణీ కోసం. అచ్చులో ఉన్నవి ఆరే పాదాలు. 1, 3 పాదాలకు (లాన్, స్ట్రాన్), 4, 6 పాదాలకు (డాల్, సాల్) ప్రాస కలుస్తుంది. 2, 5లకు జోడీ లేదు, పైగా అవి ఊనిక (నొక్కి పలకడం) లేని అక్షరంతో ముగుస్తాయి. పాదానికి మూడు ఊనికలు, నాలుగోదానికి మాత్రం నాలుగు. 2, 4, 5 పాదాలు ఒకే 'డె' అనే మాటతో మొదలవుతాయి, నాకు నచ్చింది అదే. లెక్కంతా ఊనికలదే కాబట్టి గురులఘువుల గణవిభజన ఇక్కడ అక్కరకు రాలేదు.