ఎయిర్ రైఫిల్‌తో మెడ నొప్పి: సైట్లు ఎత్తించమంటారా?

మాది విజయనగరం. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ (4.5 మి.మీ. పెల్లెట్, పీప్ సైట్, అంటే చిన్న రంధ్రంలోంచి గురి చూసేది) నిలబడి కాలుస్తాను. మొదటి 20 షాట్లూ బాగానే పోతాయి, ఆ తర్వాత మెడ కుడివైపు పట్టేస్తుంది, గ్రూపు (టార్గెట్ మీద దెబ్బలు పడే గుంపు) నిలువుగా సాగిపోతుంది. మ్యాచ్‌లో 60 షాట్లు కొట్టాలి కదా, అదే టెన్షన్. నా మెడ కాస్త పొడుగు, పీప్‌లోంచి చూడాలంటే తల బాగా వంచాల్సి వస్తోంది.

చెంప ఆనించే చోట స్పాంజి అతికించి 6 మి.మీ. ఎత్తు చేశాను. కన్ను పీప్ పైకి వెళ్లిపోయింది, పైగా మా దగ్గరి ఉక్కపోతకి స్పాంజి చెమట పీల్చుకుని అణిగిపోయి రోజుకో ఎత్తు. అది పీకేసి బట్ ప్లేట్ (రైఫిల్ వెనక భుజానికి ఆనే పలక) 10 మి.మీ. దించాను. రైఫిల్ భుజం మీద పైకి లేచింది, మెడకి నిజంగానే హాయి, కానీ ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీద ఆనడం లేదు, దాంతో బరువంతా చేతి కండ మీదే పడి వణుకు మొదలైంది. మళ్లీ పాత చోటికే బిగించేశాను. ట్రిగ్గర్ జోలికి మాత్రం పోలేదు, దాంతో ఏ ఇబ్బందీ లేదు.

ఇక మిగిలింది ముందు, వెనక సైట్ల కింద ఒకే మందం బ్లాకులు పెట్టి రెండూ ఎత్తడం, దానికి తగ్గట్టు చెంప దగ్గర స్పాంజి కాకుండా గట్టి చెక్క వెయ్యడం. లేత్ షాపతను అల్యూమినియంతో చేసిస్తానన్నాడు, కానీ కొలత నన్నే చెప్పమంటున్నాడు. సైట్లు ఎత్తాక రైఫిల్ కొంచెం పక్కకి ఒరిగినా దెబ్బ ఇంకా పక్కకి పోతుంది కాబట్టి ఎక్కువ ఎత్తాలంటే భయం.

ఇలా ఎత్తించుకున్నవాళ్లు చెప్పండి, మొదట ఎన్ని మి.మీ. బ్లాకులు చేయించమంటారు?