'తేనీరు'లో తేనె ఉందా?

ప్రశ్న:
మా అమ్మాయి 'తేనీరు' అనే మాటను తేనె + నీరు అని విడదీసింది. 'తేనీగ'లో తేనె ఉన్నట్టే ఇందులోనూ ఉందని దాని వాదన. కాదని చెప్పబోయి, ఎందుకు కాదో చెప్పలేక ఆగిపోయాను. తెలిసినవారు వివరించగలరా?

జవాబు:
అమ్మాయి ఒక మాటను ఇంకో మాటతో పోల్చి చూసింది, అందుకు ముందుగా మెచ్చుకోండి. తేనె + ఈగ అన్నప్పుడు రెండో మాట అచ్చుతో మొదలవుతుంది కాబట్టి 'నె'లోని ఎకారం లోపించి 'తేనీగ' అయింది. 'నీరు' హల్లుతో మొదలవుతుంది, అక్కడ ఆ సంధికి చోటు లేదు. తేనెపట్టు, తేనెతుట్టె లాగా అది 'తేనెనీరు' అయ్యేది. 'తేనీరు'లో ఉన్నది ఒట్టి 'తే'. 'తేయాకు'లో ఉన్నదీ అదే.

ఆ 'తే' పుట్టిల్లు చైనా ఆగ్నేయ తీరంలోని ఫూజియన్ ప్రాంతం. అక్కడి హొక్కియన్ అనే భాషలోని ఈ మాట డచ్చివారి ఓడల్లో ఐరోపా చేరి, ఇంగ్లీషులో 'టీ' అయింది. చైనాలో చాలాచోట్ల అదే ఆకును 'చా' అంటారు. ఆ పేరు పారశీకం మీదుగా 'చాయ్'గా మనదాకా వచ్చింది.

ఇదంతా చదివి తెలుసుకున్నదే అయినా, నాకు మనసుకు పట్టింది మాత్రం మలేసియాలో, పెనాంగ్ దీవిలోని జార్జ్‌టౌన్‌లో. పొద్దున్నే ఒక టీ అంగడిలో కూర్చున్నాను. పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన "తే ఓ కోసోంగ్" అన్నాడు. 'తే' హొక్కియన్ నుంచి మలయ్ భాషలోకి వచ్చిన మాట. 'ఓ' కూడా హొక్కియనే, నలుపు అని అర్థం, అంటే పాలు వద్దని. 'కోసోంగ్' మలయ్ మాట, ఖాళీ అని అర్థం, అంటే చక్కెర వద్దని. కాస్సేపటికి ఇంకొకరు "రోటీ కోసోంగ్" తెప్పించుకున్నారు. లోపల గుడ్డూ ఉల్లిపాయా ఏమీ పెట్టని రొట్టె. అప్పుడు తట్టింది, ఇది అచ్చంగా మన 'ఉత్త' కదా! ఉత్తచేతులు, ఉత్త అన్నం. ఖాళీ అనే మాటను తిండికి వాడడంలో వాళ్లదీ మనదీ ఒకటే బుద్ధి.

ఆ అంగడిని వాళ్లు 'కెడాయ్' అంటారు, తమిళ 'కడై' నుంచి వచ్చింది. తమిళ ముస్లింల హోటలును 'మామక్' అంటారు, అందులో ఉన్నది మామ. చైనావారి కాఫీ అంగడి 'కోపీతియమ్', అందులో 'కోపీ' మలయ్, 'తియమ్' అంటే హొక్కియన్‌లో అంగడి. ఏ పూట ఏం తిన్నా నోట్లోకి రెండు మూడు భాషలు వస్తాయి. మలేసియా అల్పాహార సంస్కృతిని 2024లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చుకుంది. కొబ్బరిపాలతో వండే అన్నం 'నాసి లెమాక్', పొరల రొట్టె 'రోటీ చనాయ్', నురగ టీ 'తే తారిక్' ఆ అల్పాహారంలో ముఖ్యమైనవి. ఆ గౌరవం వంటలకు ఎంత చెందుతుందో ఈ పేర్లకూ అంతే చెందుతుందని నా నమ్మకం.

మరొక సభ్యులు:
చాలా బాగుంది. 'తే తారిక్'ను తెలుగులో ఏమనాలి? 'తారిక్' అంటే లాగడం అని విన్నాను. 'లాగిన టీ' అంటే వినడానికి బాగాలేదు.

జవాబు:
దాన్ని చేసేటప్పుడు చూస్తే మాట దానంతటదే దొరుకుతుందండీ. తీపి గట్టిపాలు (కండెన్స్‌డ్ మిల్క్) కలిపిన చిక్కటి టీని, ఒక చేయి తలకన్నా పైకెత్తి, రెండో చేయి నడుము కిందికి దించి, ఒక లోటాలోంచి ఇంకో లోటాలోకి పోస్తారు. మధ్యలో గోధుమరంగు ధార తాడులా సాగుతుంది. ఆ సాగడాన్ని వాళ్లు లాగడం అన్నారు. నాలుగైదుసార్లు అలా పోసేసరికి వేడి తగ్గి, పైన రెండు వేళ్ల మందాన నురగ నిలుస్తుంది. మన ఇళ్లలో కాఫీని ఇలాగే తిరగబోస్తాం. కాబట్టి 'తిరగబోత టీ' అంటాను. వాళ్లకు ధార కనబడింది, మనకు పోయడం కనబడింది.

ఇలాంటిదే ఇంకొకటి పెనాంగ్‌లో పుట్టిన 'నాసి కందార్'. 'నాసి' అంటే అన్నం, 'కందార్' అంటే భుజాన మోసే కావడిబద్ద. పూర్వం అన్నం ఒకవైపు, కూరలు ఇంకోవైపు కట్టి వీధివీధీ తిరిగి అమ్మేవారు. ఇప్పుడు బద్ద పోయింది, పేరు మిగిలింది. దీనికి 'కావడి అన్నం' అంటే ఒక్క అర్థం కూడా జారిపోదు.

ఇక నాకు చిక్కనిది 'నాసి లెమాక్'లోని 'లెమాక్'. దానికి కొవ్వు అని అర్థం. కొబ్బరిపాలతో ఉడికిన అన్నానికి వచ్చే రుచిని కూడా అదే మాటతో చెబుతారు. 'కొవ్వు అన్నం' అనలేను. మీకేమైనా తోస్తోందా?

మొదట అడిగినవారు:
ఇప్పుడే మా అమ్మాయికి చదివి వినిపించాను. "కమ్మన్నం అనొచ్చు కదా" అంటోంది.